కోతకు కార్డుంది – కోలుకోవడానికి ఏముంది?

గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని చూసి ఊరూ వాడా ఒకటే మాట అంటుంది: 'గండం గడిచింది' అని. ఆ మాట సగమే నిజం. గుండెకు కుట్లేసి పంపడం ఆస్పత్రి పని. ఆ కుట్లు మానేదాకా, కోసిన ఎముక అతికేదాకా, భయం తగ్గి కంటినిండా నిద్ర పట్టేదాకా మనిషిని నిలబెట్టుకోవడం ఇంకో పని. ఈ రెండో పని ఎవరిది? ఆపరేషన్ అయింది మగమనిషికైతే పెళ్ళాం చేస్తుంది, తల్లి చేస్తుంది. ఆడమనిషికైతే? అందునా రెక్కాడితేగాని డొక్కాడని కూలి ఆడమనిషికైతే? ఈ ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగడం లేదు. అందుకే మేం అడుగుతున్నాం.

ముందు ఈ జబ్బు ఎవరిదో తేల్చుకుందాం. గుండెజబ్బు అనగానే బొజ్జ పెరిగిన షావుకారో, ఏసీ గదిలో ఆఫీసరో గుర్తొస్తారు. మన వాడల్లోకి వచ్చే గుండెజబ్బు ఇంకోటుంది. దాని పేరు రుమాటిక్ గుండెజబ్బు. చిన్నప్పుడు గొంతునొప్పి వస్తుంది, జ్వరమొస్తుంది, కీళ్ళు వాస్తాయి. నాలుగు రోజులకు తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్ళు మర్చిపోతారు. గుండె మాత్రం మర్చిపోదు. లోపలి కవాటాలు మెల్లగా బిరుసెక్కి, మూసుకుపోయో, మూతపడకుండానో పాడవుతాయి. ఇది కీళ్ళను నాకి గుండెను కరిచే జబ్బని డాక్టర్లలో ఒక పాత మాట. ఒక్క గదిలో ఏడుగురు పడుకునే ఇళ్ళలో, గొంతునొప్పికి సకాలంలో మందు దొరకని చోట ఈ జబ్బు పెరుగుతుంది. అంటే ఇది ఇరుకు జబ్బు, లేమి జబ్బు. ఊరికి దూరంగా, ఉన్న కాస్త నేలలోనే ఒకరి మీద ఒకరు పడి బతకమని మనల్ని ఎవరు నెట్టారో కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. చాలామందికి అది బయటపడేది కడుపుతో ఉన్నప్పుడు. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఒంట్లో నెత్తురు సగం వరకూ పెరుగుతుంది. పాడైన కవాటం ఆ భారం మోయలేదు. ఆయాసమొస్తుంది. 'నీళ్ళోసుకున్న పిల్లకి ఆయాసం మామూలే' అని అత్త అంటుంది. అలా అనుకుంటుండగానే ప్రాణం మీదికొస్తుంది. దీనికితోడు ఇప్పుడు బీపీ, షుగరు, గుండెపోటు కూడా వాడకొచ్చాయి. గుండెపోటు వచ్చినా ఆడవాళ్ళు గుండెనొప్పి అనరు. నడుం లాగుతుందంటారు, కడుపులో మంటంటారు, నీరసమంటారు. ఇంట్లోవాళ్ళు గ్యాసు బిళ్ళ మింగిస్తారు. బైపాస్ బల్ల మీదికి ఆడవాళ్ళు చేరేసరికి వయసు ముదిరి, జబ్బు ముదిరి ఉంటుంది.

2007 ఏప్రిల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని, ఎమ్మెల్యే గుమ్మంలో పడిగాపులు కాయడమే. కార్డు వచ్చాక మన ఆడవాళ్ళు కూడా ఆపరేషన్ బల్ల ఎక్కగలిగారు. ఈ మాట ఒప్పుకోవాలి. ప్రజల డబ్బు ప్రైవేటు ఆస్పత్రుల గల్లాపెట్టెల్లోకి పోయిందన్న మాటా చెప్పాలి. రాష్ట్రం రెండయ్యాక పేర్లు మారాయి, పరిమితులు పెరిగాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలు చేశారు. ఆంధ్రలో 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు పెట్టారు. ప్రభుత్వాలు లక్షల్లో చెప్పుకునే ఈ లెక్కంతా కోతకు సంబంధించిందే. కొన్ని ఆపరేషన్లకు ఏడాది లెక్కన మందులు, పరీక్షలు ఇచ్చే ఏర్పాటూ ఉంది. కానీ లోహపు కవాటం వేయించుకున్న మనిషి నెత్తురు గడ్డకట్టకుండా ఉండే బిళ్ళ బతికినన్నాళ్ళూ మింగాలి. ఏడాది లెక్క ఏ మూలకొస్తుంది?

ఇంటికొచ్చాక సంగతి చూద్దాం. గుండె ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక ఉక్కు తీగెలతో బిగిస్తారు. ఆ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. గట్టిపడ్డానికి మూడు నెలలు. అప్పటిదాకా రెండు మూడు కిలోలకు మించి ఎత్తొద్దని కాగితం మీద రాసిస్తారు, అదీ ఇంగ్లీషులో. పదిహేను లీటర్ల బిందె పదిహేను కిలోలు. చంకలో బిడ్డ పది కిలోలు. కట్టెల మోపు ఎంతో తూచినవాడు లేడు. నేల మీంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి లేవాలి. రోట్లో నూరాలన్నా, గుడ్డలు ఉతికి పిండాలన్నా రొమ్ము మీదే భారం పడుతుంది. ఆడవాళ్ళకు రొమ్ముల బరువే గాయాన్ని పక్కలకు లాగుతుంది. మెత్తటి, సరైన కొలత లోదుస్తు వేసుకుంటే ఆ లాగుడు తగ్గుతుందని చెప్పే మనిషి ఉండదు. చెప్పాల్సింది మగ డాక్టరైతే ఆయనకూ సిగ్గే, ఈమెకూ సిగ్గే. ఆ సిగ్గు మధ్య గాయం పుండవుతుంది.

మన పల్లెల్లో ఎంత బీద ఇంట్లోనైనా బాలింతకు ఒక మర్యాద ఉంది. పథ్యం పెడతారు, ఒళ్ళు రుద్ది నీళ్ళు పోస్తారు, చెవుల్లో గాలి పోకుండా గుడ్డ కడతారు, ఇరుగమ్మ పొరుగమ్మ వచ్చి కబుర్లు చెబుతారు. పురుడు పోసిన చేతులు చాలా ఊళ్ళలో మన ఆడవాళ్ళవే. ఆ చాకిరీలో కొన్ని మూఢనమ్మకాలు ఉండొచ్చు. వాటి సంగతి వేరు. కానీ 'ఈ మనిషి శరీరం ఒక పెద్ద పని చేసి అలిసింది, దీన్ని కొన్నాళ్ళు ముట్టుకోకండి' అన్న ఒప్పందం అందులో ఉంది. గుండె కోయించుకున్న ఆడమనిషికి ఆ ఒప్పందం లేదు. గాయం జాకెట్టు లోపల ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. పది రోజులకే 'బాగానే తిరుగుతుందిగా' అంటారు. ఇరవయ్యో రోజుకు పొయ్యి ముందుంటుంది.

ఇక్కడే మేం ఒక సంగతి చర్చకు పెడుతున్నాం. పెద్ద దేశాల్లో, మన నగరాల్లోని పెద్ద ఆస్పత్రుల్లో ఆపరేషన్‌కూ మందులకూ తోడుగా ఊపిరి కసరత్తులు, నడక, తేలిక యోగాసనాలు, ధ్యానం, సంగీతం, ఒళ్ళు పట్టడం, మనసు విప్పి మాట్లాడించడం కలిపి వైద్యం చేస్తున్నారు. దీనికి సమన్వయ చికిత్స అని పేరు. డబ్బున్నవాళ్ళకు ఇది అదనపు సౌకర్యం. అందుకని మనవాళ్ళు 'ఇవన్నీ బలిసినోళ్ళ వేషాలు' అని కొట్టిపారేస్తారు. కొట్టిపారేయకూడదని మేం అంటున్నాం. ఏది పనికొస్తుందో, ఎంతవరకు పనికొస్తుందో, ఏది ప్రమాదమో విడదీసి చూడాలి.

ఊపిరితో మొదలుపెడదాం. ఎముక నొప్పికి భయపడి మనిషి పైపై ఊపిరే తీస్తుంది. దగ్గదు. ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి నిమ్ము చేస్తుంది. అందుకే ఆస్పత్రిలో మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి పీల్చమంటారు. అది ఇంటికొచ్చాక పిల్లల ఆటవస్తువవుతుంది. గంటకు పదిసార్లు నిదానంగా లోతైన ఊపిరి తీసి వదలడం, దగ్గొస్తే మడిచిన దుప్పటిని రొమ్ముకు హత్తుకుని దగ్గడం – దీనికి పైసా ఖర్చు లేదు. రెండోది నడక. మొదటి వారం వాకిట్లో, తర్వాత వీధి చివరిదాకా, ఆ తర్వాత చెరువుకట్ట దాకా, రోజూ కొంచెం పెంచుకుంటూ. కసరత్తుతో కూడిన పునరావాసం గుండెజబ్బుతో చచ్చిపోయే ముప్పునూ, మళ్ళీ ఆస్పత్రిలో చేరడాన్నీ తగ్గిస్తుందని లోకమంతటా జరిగిన పరిశోధనలు తేల్చాయి. ముఖ్యంగా గుండెపోటు, బైపాస్ అయినవాళ్ళ విషయంలో ఇది రుజువైన సంగతి. అయినా ఆ తరగతులకు ఆడవాళ్ళను పంపే డాక్టర్లు తక్కువ. పంపినా వెళ్ళగలిగే ఆడవాళ్ళు ఇంకా తక్కువ.

యోగా సంగతికొద్దాం. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఫలితాలు 2020లో వచ్చాయి. యోగా నేర్పినవాళ్ళలో చావులు, మళ్ళీ గుండెపోట్లు తగ్గాయని గట్టిగా చెప్పడానికి వీల్లేకపోయింది. కానీ వాళ్ళు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, ముందటి పనుల్లోకి మెరుగ్గా తిరిగి రాగలిగారు. ఇది నిజాయితీగల ఫలితం. యోగా మందుకు బదులు కాదు, మనిషి తేరుకోవడానికి ఒక ఆసరా. అయితే ఆ 3,959 మందిలో ఆడవాళ్ళు నూటికి పదిహేను మంది కూడా లేరు. అది కోత ఆపరేషన్ అయినవాళ్ళ కోసం పెట్టిన పరీక్ష కూడా కాదు. ఆడవాళ్ళ గుండెను లెక్కలోకి తీసుకోని శాస్త్రం కూడా సగం శాస్త్రమే.

సంగీతం, స్పర్శ సంగతీ అంతే. ఆపరేషన్ తర్వాత సంగీతం వింటే ఆందోళన, నొప్పి కొంత తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. మెత్తగా ఒళ్ళు పడితే నొప్పి, దిగులు తగ్గినట్టు అమెరికా ఆస్పత్రుల్లో చేసిన చిన్న పరీక్షల్లో కనిపించింది. ఇందులో మనకు కొత్తేముంది? నాట్ల దగ్గర పాట లేకుండా నడుం వంగిందా? ఒళ్ళు పట్టడం మన అమ్మమ్మలకు తెలీని విద్యా? గాయం పూర్తిగా మానేదాకా దాని మీద నూనె పడకూడదు, కాపడం పెట్టకూడదు, రొమ్ము మీద ఒత్తకూడదు. కాళ్ళు, చేతులు, మెడ, వీపు మెల్లగా రాస్తే చాలు. పిక్క ఒకటే వాచి నొప్పిగా ఉంటే మాత్రం రుద్దకుండా డాక్టరు దగ్గరికి పోవాలి, లోపల నెత్తురు గడ్డ ఉండొచ్చు.

ఆపరేషన్ తర్వాత చాలామందికి దిగులు పడుతుంది. ఆడవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. రాత్రిళ్ళు నిద్ర రాదు, ఊరికే ఏడుపొస్తుంది, లోహపు కవాటం టిక్కు టిక్కుమంటుంటే ఎప్పుడాగుతుందోనని చెవి అటే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు దీన్ని గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. ఇది జబ్బులో భాగం, దీనికి మాట మందు ఉంది, అవసరమైతే బిళ్ళ మందూ ఉంది. తనలాగే గుండె కోయించుకుని కోలుకున్న ఇంకో అక్క పక్కన కూర్చుని 'నాకూ అట్టాగే ఉండేదమ్మా, పోయింది' అంటే వచ్చే ధైర్యం ఏ తాయెత్తూ ఇవ్వదు.

ప్రమాదాల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. 'ఆపరేషన్ లేకుండా బ్లాకులు కరిగిస్తాం' అని టీవీల్లో, పేపర్లలో ప్రకటనలిచ్చేవాళ్ళు దొంగలు. కషాయం మొదలుపెట్టి బిళ్ళలు మానెయ్యమనేవాడు హంతకుడు. లోహపు కవాటం ఉన్న మనిషి వార్ఫరిన్‌లాంటి బిళ్ళ ఆపితే కవాటం మీద గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకెక్కితే పక్షవాతం. మోతాదు మించితే నెత్తురు ఆగదు. అందుకే ఐఎన్ఆర్ అనే నెత్తురు పరీక్ష నెలకోసారన్నా చేయించాలి. మైట్రల్ లోహపు కవాటానికి ఆ అంకె మామూలుగా 2.5కూ 3.5కూ మధ్య ఉండాలంటారు. ఒంటినొప్పులకు ఆర్ఎంపీ వేసే సూది, వెల్లుల్లి మాత్రలు, పేరు తెలీని మూలికలు ఈ అంకెను తారుమారు చేయొచ్చు, నెత్తురు కారించొచ్చు. గుండెకు మంచిదని తెల్లమద్ది బెరడు కషాయం తాగేవాళ్ళున్నారు. డాక్టరుకు చెప్పకుండా అదీ వద్దు.

ఆకుకూరల మీద ఒక అన్యాయం జరుగుతోంది. ఈ బిళ్ళ వాడేవాళ్ళను ఆకుకూర మానెయ్యమని ఒక్క మాటతో పంపేస్తారు. తోటకూర, మునగాకు, పొన్నగంటి మానేస్తే కూలి ఆడదానికి ఇనుము ఎక్కణ్ణుంచి వస్తుంది? మానక్కర్లేదు. ప్రతివారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి, ఒకవారం కట్టలకొద్దీ, ఇంకోవారం అసలు లేకుండా ఉండకూడదు. తగ్గించాల్సింది ఉప్పు. పచ్చడి మెతుకులు, ఎండుచేప మన కడుపు నింపిన తిండి, కానీ గుండె బలహీనమైనప్పుడు ఆ ఉప్పే ఊపిరితిత్తుల్లో నీరు పట్టేలా చేస్తుంది. మరి గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు, పచ్చిచేప కావాలి. యోగా నేర్పడానికొచ్చి గుడ్డు మానెయ్యమని, మాంసం తామస గుణమని బోధించేవాళ్ళకు మేం చెప్పేదొకటే: ఊపిరి పాఠం చెప్పండి, మా కంచం జోలికి రావద్దు.

ఆడవాళ్ళకు చెప్పకుండా దాటేసే విషయం ఇంకోటుంది. ఈ బిళ్ళతో నెలసరి నెత్తురు ఎక్కువైపోవచ్చు. కడుపొస్తే మొదటి నెలల్లో ఈ మందు బిడ్డకు హాని చేయొచ్చు. అలాగని తనంతట తాను ఆపితే తల్లికే ప్రమాదం. కాబట్టి బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి. వద్దనుకుంటే ఏం వాడాలో చెప్పాలి. జంతు కణజాలంతో చేసే కవాటానికి జీవితాంతం ఈ బిళ్ళ అక్కర్లేదు, కానీ చిన్న వయసులో వేస్తే అది తొందరగా అరిగి మళ్ళీ కోత పడుతుంది. ఏ కవాటం వేయాలో మొగుడితోనో, అన్నతోనో మాట్లాడి సంతకం పెట్టించుకుంటున్నారు. గుండె ఆమెది. అడగాల్సింది ఆమెను. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ మన దేశపు కవాటం తయారుచేసి 1990లో మొదటిసారి మనిషికి అమర్చింది. కవాటం చవకైంది. దానితో బతకడం మాత్రం ఇంకా చవక కాలేదు.

యోగా పేరెత్తితే మనవాళ్ళకు చిరాకు. మంత్రాలు, కాషాయాలు, సూర్య నమస్కారాలు గుర్తొస్తాయి. ఆ చిరాకులో న్యాయముంది. 2015 నుంచి ప్రతి జూన్ 21న మైదానాల్లో చాపలు పరిచి ఫోటోలు దిగుతున్నారు. ఆ చాప ఒక్కటి మన వాడ అంగన్‌వాడీ దాకా రాలేదు. అయినా ఊపిరి ఎవడి అబ్బ సొత్తూ కాదు. శ్వాస మీద ధ్యాస నిలపమని రెండున్నర వేల ఏళ్ళ కిందట చెప్పినవాడు బుద్ధుడు. ఆనాపానసతి అన్న ఆ సాధన అమరావతి, నాగార్జునకొండ నేల మీద భిక్షువులు చేసిందే. మంత్రం లేకుండా, దేవుడు లేకుండా పది నిమిషాలు ఊపిరిని గమనిస్తూ కూర్చోవడం మన వారసత్వం. ఒక్క జాగ్రత్త: ఆపరేషనైన మూడు నెలల్లోపు ఊపిరి బిగబట్టడం, కపాలభాతి, తలకిందుల ఆసనాలు, చేతుల మీద బరువు మోపే ఆసనాలు పనికిరావు. ఆ తర్వాతైనా డాక్టరు సరేనన్నాకే.

అన్నిటికంటే పెద్ద చికిత్స విశ్రాంతి. అదే మనకు దొరకనిది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ వెనకా కార్మిక స్త్రీకి విశ్రాంతి ఇవ్వడం జాతి మేలు కోసమేనని, ఆ భారంలో పెద్ద వాటా ప్రభుత్వమే మోయాలని వాదించారు. విశ్రాంతి దయ కాదు, హక్కు అన్న ఆలోచనకు ఆ వాదన పునాది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇచ్చే పథకం మొదలుపెట్టారు. మొత్తం చిన్నదే. కానీ కోలుకోవడానికి కూలి కట్టాలన్న సూత్రాన్ని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. ఒప్పుకున్న సూత్రాన్ని వెనక్కి పోనివ్వకూడదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఒకటి, డిశ్చార్జి కాగితం తెలుగులో ఉండాలి, దాన్ని ఆపరేషనైన మనిషికే చదివి వినిపించాలి. రెండు, ఐఎన్ఆర్ పరీక్ష, గడ్డ కట్టకుండా ఉండే బిళ్ళ, రుమాటిక్ జబ్బువాళ్ళకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది – ఈ మూడూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా, అవసరమైనన్నాళ్ళూ ఇవ్వాలి. మూడు, ఉపకేంద్రాలకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని బోర్డు రాసి యోగా కూడా తమ సేవల్లో ఒకటన్నారు. ఆ యోగా గురువునూ, ఫిజియోథెరపిస్టునూ వారానికోసారి గుండె ఆపరేషనైన ఆడవాళ్ళ దగ్గరికి పంపండి. నాలుగు, మూడు నెలల కూలి ఆమె సొంత ఖాతాలో వేయండి. ఐదు, నెలసరి, కాన్పు, దిగులు గురించి మాట్లాడటానికి ప్రతి గుండె ఆస్పత్రిలో ఒక మహిళా సలహాదారును పెట్టండి.

డిమాండ్లు రాసి చేతులు కట్టుకు కూర్చుంటే చాలదు. ఉద్యమంలో ఉన్న అన్నలారా, ఒక మాట. వేదిక మీద అంబేద్కర్ పేరు, ఇంట్లో పొయ్యి ముందు కుట్లు మానని పెళ్ళాం – ఈ రెండూ కుదరవు. మూడు నెలలు బిందె మీరెత్తండి, అన్నం మీరొండండి. ఎవరి మగతనమూ కరిగిపోదు. మహిళా సంఘాల అక్కలారా, మీ వాడలో గుండె కోయించుకొచ్చిన మనిషి ఉంటే వంతులేసుకుని సాయంత్రం పూట ఆమెతో నడవండి, పాట పాడించండి, బిళ్ళ వేసుకుందా అని అడగండి, ఐఎన్ఆర్ చీటీలు ఒక సంచిలో దాచిపెట్టించండి. చదువుకున్న పిల్లలూ, ఆ ఇంగ్లీషు కాగితాన్ని మీరు తెలుగులో రాసివ్వండి. మన బళ్ళో పిల్లలకు గొంతునొప్పి, జ్వరం, కీళ్ళవాపు వస్తే పంతుళ్ళు ఆస్పత్రికి పంపండి. రేపటి ఆపరేషన్ ఒకటి అక్కడే ఆగిపోతుంది.

కోసి కుట్టిన గుండెతో ఇంటికొచ్చిన ఆడమనిషికి బాలింతకిచ్చినపాటి మర్యాద ఇద్దాం. అది మన చేతిలో ఉంది. మిగతాది సర్కారు మెడలు వంచి తెచ్చుకుందాం.